బొంత నీళ్లు తాగితే ఎంత బరువు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దుప్పట్ల గురించే. చలి తగ్గింది కదా, అటక ఎక్కించే ముందు అందరికీ ఒక్కసారే గుర్తొచ్చినట్టున్నాయి.

ప్రశ్న: అక్కయ్యగారూ, మా నాయనమ్మ పాత నేతచీరలతో కుట్టిన బొంత నా దగ్గర ఉంది. ఆరేడు పొరలుంటాయి. ఏళ్ల తరబడి ఉతకలేదు, ముక్కిన వాసన వస్తోంది. డ్రైక్లీనింగ్ షాపులో అడిగితే గ్యారంటీ లేదన్నారు. మెషిన్‌లో వేయాలంటే భయంగా ఉంది. (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: భయపడి మంచి పని చేశారు. నేను భయపడలేదు కాబట్టే మా అమ్మ కుట్టిన బొంత ఒకటి పోగొట్టుకున్నాను. పెళ్లయిన కొత్తలో సంగతి. ఉతకడం శుభ్రంగానే ఉతికాను. తర్వాత దాన్ని సగానికి మడిచి, చీర ఆరేసినట్టు దండెం మీద వేసి, వంటింట్లోకి వెళ్లిపోయాను. మధ్యాహ్నం వచ్చి చూద్దును కదా, పైచీర పైనే ఉంది, లోపలి పొరలన్నీ కిందికి జారి అంచు దగ్గర గోనెసంచిలో సామానులా పోగుపడి ఉన్నాయి. కుట్లన్నీ పటపటా తెగిపోయాయి. బట్ట మాత్రం ఎక్కడా చిరగలేదు. పొడిగా ఉన్నప్పుడు చంకన పెట్టుకుని తిరిగే బొంత నీళ్లు తాగితే ఇద్దరు పట్టి ఎత్తాల్సినంత బరువు. ఆ బరువంతా కుట్ల మీద పడింది. మా అత్తగారు ఏమీ అనలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ.

అందుకే అడుగుతున్నాను, అసలు ఉతకాలా? ముందు రెండు మూడు రోజులు మంచి ఎండలో వేసి, గంటకోసారి తిప్పి, అరచేత్తో తట్టండి. కర్రతో కొట్టొద్దు. వాసన పోతే అక్కడితో వదిలేయండి.

పోకపోతే ఉతకండి. దానికి ముందు విడిపోయిన కుట్లన్నీ నూలు దారంతో వేసేయండి. నైలాన్ దారం వద్దు, పాత బట్టను అదే కోసేస్తుంది. తర్వాత తెల్లటి గుడ్డ తడిపి ఒక్కో చీరముక్క మీదా గట్టిగా రుద్దండి. ఎరుపు, నేరేడుపండు రంగుల దగ్గర మరీ జాగ్రత్త. రంగు గుడ్డకి అంటితే నానబెట్టే ప్రసక్తే లేదు, చన్నీళ్లలో గబగబా కానిచ్చేయాలి.

బాత్రూమ్ నేల కడిగి, ఒక పాత చీర పరిచి, దాని మీద బొంత వేయండి. ఇరవై కుంకుడుకాయలు రాత్రి నానబెట్టి, పిసికి, గుడ్డలో వడకట్టిన రసం ఒక బకెట్ నీళ్లలో కలిపి పోయండి. పిప్పి ఉండిపోతే మరకవుతుంది. తెల్లచీర పొరలుంటే కుంకుడురసం వల్ల కాస్త పసుపు తేలుతుంది, అక్కడ మెత్తటి సబ్బునీళ్లు మేలు. పావుగంట కాళ్లతో నెమ్మదిగా తొక్కండి. బండకేసి బాదొద్దు. నురగ పోయేదాకా నీళ్లు మార్చండి. మొదటి నీళ్లు చూస్తే మీ నాయనమ్మ మీద కోపం వస్తుంది, మూడోసారికి తగ్గుతుంది.

పిండొద్దు. చాపలా చుట్టి, మోకాళ్లతో అదిమి, గంటసేపు నీళ్లు కారనివ్వండి. తర్వాత కింద పరిచిన ఆ చీర నాలుగు కొసలూ ఇద్దరు పట్టుకుని ఉయ్యాలలా ఎత్తాలి. బొంతను పట్టుకుని ఎత్తితే నా కథే మీకూ. నులకమంచమో నవారుమంచమో ఎండలో వేసి దాని మీద పరచండి, పైన ఎండ, కింద గాలి. మంచం లేని ఫ్లాట్ అయితే బట్టలు ఆరేసే స్టాండు తీగలన్నిటి మీదా బల్లపరుపుగా వేయండి. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తెచ్చేయాలి. రెండు రోజులు పడుతుంది. ఆరిందో లేదో చేత్తో కాదు, చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే, ఇంకో పూట ఎండాలి.

ప్రశ్న: మా మెషిన్ 7 కిలోలది. డబుల్ బెడ్ కంఫర్టర్ వేస్తే నీళ్లు పిండేటప్పుడు దడదడలాడి ఆగిపోతుంది. పైగా తెల్లటి చారలు. (హైదరాబాద్ నుంచి)

జవాబు: ఆ 7 కిలోలు పొడిబట్టల బరువు. మీ కంఫర్టర్ తూకానికి అందులో సగం కూడా ఉండదేమో, కానీ చోటంతా అదే ఆక్రమిస్తుంది. కదలడానికి వీల్లేక నీళ్లన్నీ ఒకవైపే పట్టి ఉంటాయి, డ్రమ్ము తిరిగినప్పుడు ఆ బరువు ఒకవైపుకే లాగుతుంది. పొడిగా వేసి చూడండి. పైన మీ పిడికిలి పట్టేంత ఖాళీ లేకపోతే ఆ మెషిన్ దానికి చాలదు. పెద్ద మెషిన్లున్న లాండ్రీకి ఇవ్వండి, లేదా పైన చెప్పినట్టు కాళ్లతో తొక్కండి. చారలు కరగని పౌడర్‌వి. లిక్విడ్ వాడండి, అదీ సగమే, జాడింపు మాత్రం రెండుసార్లు. లోపలి దూది ఉండలు కడితే సగం ఆరినప్పుడు వేళ్లతో విడదీయాలి. పూర్తిగా ఎండాక మొండికేస్తాయి. నన్నడిగితే దానికి బొత్తాల కవర్ ఒకటి తొడగండి. వారం వారం కవరే ఉతుక్కోవచ్చు.

ప్రశ్న: నాన్న గొంగడిని వేడినీళ్లతో మెషిన్‌లో వేశాను. సగమై, అట్టలా వచ్చింది. నాన్న రెండు రోజులుగా మాట్లాడటం లేదు. మళ్లీ సాగుతుందా? (సిద్దిపేట నుంచి)

జవాబు: సాగదు తమ్ముడూ. ఉన్నిపోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి, సబ్బు, తిప్పుడు మూడూ కలిస్తే అవి ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి, ఇక విడిపోవు. అలా బిగుసుకున్న గొంగడిని కత్తిరించినా పోగులు రావు కాబట్టి రెండు ఆసనాలు చేసి, ఒకటి నాన్నగారికే ఇవ్వండి. కొత్తది కొంటే మొదట్లో గరుకుగా, బిర్రుగా ఉంటుంది. నేసేటప్పుడు పడుగుకి చింతగింజల గంజి పెడతారు మరి. కప్పుకోగా కప్పుకోగా మెత్తబడుతుంది, దానికోసం ఉతకక్కర్లేదు. దులిపి ఎండలో వేస్తే చాలు. తప్పదనుకుంటే చన్నీళ్లలో ముంచి, తిప్పకుండా తీసి, పరిచి నీడన ఆరబెట్టండి.

ప్రశ్న: పెడనలో కొన్న కలంకారీ దుప్పటి మొదటిసారి తడిపితే నీళ్లు టీ రంగుకి తిరిగాయి. మోసపోయానా? ఉప్పు వేస్తే రంగు ఆగుతుందని పక్కింటావిడ అంటోంది. (రాజమండ్రి నుంచి)

జవాబు: పెడన మా బందరు పక్కనే, కాబట్టి ఈ జవాబు కాస్త పక్షపాతంగా ఉండొచ్చు. అసలైన కలంకారీకి బట్టను ముందు కరక్కాయ రసంలో తడుపుతారు. నలుపు కోసం తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెడతారు. ఎరుపు పటికతో పట్టుకుంటుంది. మిగిలిపోయిన రంగు మొదటి రెండు మూడు ఉతుకుల్లో దిగడం మామూలే, దాంట్లో మోసం లేదు. ఉప్పు సంగతంటారా, కొన్ని రంగులు అద్దేటప్పుడు రంగునీళ్లలో ఉప్పు వేస్తారు గానీ, అద్దకం అయిపోయాక ఇంట్లో బకెట్లో వేసే గుప్పెడు ఉప్పు దేన్నీ ఆపదు. విడిగా, చన్నీళ్లలో కుంకుడురసంతో ఉతికి, తిరగేసి నీడన ఆరేయండి.

దాని మీద నిమ్మకాయ మాత్రం రుద్దకండి. ఒకసారి మామిడిరసం పడితే తెలివిగా నిమ్మచెక్క పెట్టాను. మరక కొంచెం పోయింది, దాని పక్కన నల్లతీగ సగం పోయింది. ఇనుముతో వచ్చిన నలుపుకి పులుపంటే పడదు. ఆ తీగ ఇప్పటికీ మా దుప్పటి మధ్యలో ఆగిపోయి ఉంటుంది. ఇంటికొచ్చిన వాళ్లు అది డిజైనే అనుకుంటారు.

ప్రశ్న: మనవడు పుట్టాడు. అటక మీది మెత్తటి పాత దుప్పట్లు దించాను. ఏళ్లుగా కలరా ఉండలు వేసి దాచినవి. పసివాడికి కప్పొచ్చా? (విశాఖపట్నం నుంచి)

జవాబు: ఇప్పుడే కప్పకండి. కలరా ఉండలంటే నాఫ్తలీన్. పుట్టుకతోనే ఒకరకం ఎంజైమ్ తక్కువగా ఉన్న పిల్లలకి ఆ వాసన పట్టిన దుప్పట్లు కప్పినా రక్తకణాలు దెబ్బతిని కామెర్లు ముదరొచ్చు. అలాంటి లోపం ఉన్నట్టు చూస్తే తెలియదు. కొన్నాళ్లు ఎండలో, గాలిలో వేసి, రెండుసార్లు ఉతికి, ముక్కు ఆనించి చూసినా వాసన రాకపోతేనే వాడండి. అప్పటిదాకా కొత్త నూలుగుడ్డలు ఉండనే ఉన్నాయి. అటక మీద మిగిలిన ఉండలు కూడా తీసి పారేయండి. పాకడం మొదలెట్టాక దొరికినవన్నీ వాడు నోట్లోనే పెట్టుకుంటాడు, అవి చూడటానికి పిప్పరమెంటు బిళ్లల్లాగే ఉంటాయి. వాటి బదులు నేను ఎండిన వేపాకు పెడతాను. అయితే నిజం చెప్పాలంటే పురుగుని ఆపేది ఆకు కాదు, నెలకోసారి అటక ఎక్కి దులపడమే. ఇప్పుడు నా మోకాళ్లు ఒప్పుకోవడం లేదు కాబట్టి మా దుప్పట్లన్నీ మంచం కింద పెట్టెలోకి దిగిపోయాయి.