దేవరకొండ బోర్డును అట్ట మీదికి తే

చెల్లే,

నీ ఆటిజం గురించి నువ్వే చేత్తో రాసి, బొమ్మలు గీసి, జిరాక్స్ తీయాలనుకుంటున్న చిన్న పుస్తకం ఉంది కదా, దాని పదహారు పేజీల నమూనా ముందర పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్న. మొదటి ఆరు పేజీల్లో మెదడు బొమ్మ, చిక్కుపడ్డ ఊలు ఉండ, పజిల్ ముక్క, ఆటిజం అంటే ఏందో చెప్పే రెండు పేరాలు ఉన్నయి. నీకు ప్రాణమైన ఆర్టీసీ బస్సు పదకొండో పేజీ దాకా రాలేదు. ఆ పేజీలో పల్లెవెలుగు బస్సు ముందరి బోర్డు గీసినవు చూడు. పసుపు మీద నల్ల అక్షరాలు, పెయింటర్‌కు జాగ చాలక 'దేవరకొండ'లో చివరి 'డ' సన్నబడిపోవడం, 'వయా' అన్న మాట మూలకు ఇరుక్కోవడం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు దించినవు. దాన్ని తెచ్చి అట్ట మీద పెట్టు. బోర్డును అంత దగ్గరగ చూసిన మనిషి ధ్యాస ఎట్ల పనిచేస్తదో ఆ ఒక్క బొమ్మే చెప్తది.

పజిల్ ముక్క తీసెయ్యి. 1963లో ఇంగ్లండ్‌లో ఒక ఆటిజం సంఘం పెట్టుకున్న గుర్తు అది. అప్పట్ల దానిమీద ఏడ్చే పిల్లవాడి బొమ్మ కూడా ఉండేది. మనిషిలో ఏదో ముక్క తక్కువైనట్టు చూపిస్తదని ఆటిజం ఉన్నవాళ్లే చాలామంది దాన్ని వద్దంటున్నరు. ఊలు ఉండ కూడా బయటినుంచి చూసేవాళ్ల ఊహే. డిపో పేర్లు, బస్సు నంబర్లు నీ తలలో వరుసగ పేర్చి ఉన్నయి. అట్లాంటి తలకు ఊలు ఉండ గీస్తే అబద్ధమైతది.

2005లో డైనా మరే, మైక్ లెసర్, వెన్ లాసన్ అన్న పరిశోధకులు ఒక వ్యాసంలో మోనోట్రోపిజం అన్న ఆలోచనతో ఆటిజాన్ని వివరించిన్రు. ధ్యాస పది వాటికి పలచగ పంచుకునే బదులు ఒకటి రెండిటి మీద గట్టిగ నిలబడుతదని దాని సారం. నీ పుస్తకం మొత్తాన్ని ఈ మాట మీద కట్టొచ్చు. ధ్యాస నిలిచిన చోట ఎట్ల ఉంటది, దాన్ని గుంజి వేరే దిక్కు తిప్పితే ఎట్ల ఉంటది, ఈ రెండూ చూపిస్తే చాలు. ఆ మాట పేరు లోపల ఒక్కసారి రాయి. మిగతాదంత అక్షరం తీరే చెప్పాలె.

ముందు ఇష్టం పేజీల సంగతి. బండి నంబర్ల పేజీని చదివేవాళ్లకు విసుగొస్తదేమోనని సగం కోసేసినవు, కోసిందంత మళ్ల పెట్టు. నల్లగొండకు ఏపీ 24 ఉండేది, 2014లో టీఎస్ 05 అయింది, 2024 మార్చి నుంచి టీజీ వచ్చింది, ఆర్టీసీ సొంత బండి అయితే మామూలుగ జెడ్ అక్షరం ఉంటది. ఒక్క బస్టాండ్‌ల నిలబడితే మూడు కాలాల పలకలు కనిపిస్తయన్న సంగతి ఎంతమందికి తోచి ఉంటది? ఆ పేజీలో అన్ని పలకలూ ఒకటే కొలత గీయి, అడ్డం 60 మి.మీ., నిలువు 15 మి.మీ., మధ్యన 8 మి.మీ. ఖాళీ. ఏదీ పెద్దగ చేయకు, వంకరగ పెట్టకు. ఆ సమానమైన వరుసే నీకు దొరికే నెమ్మదిని చూపిస్తది.

ఇప్పుడు బస్టాండ్ పేజీ. అందరు చేసే తప్పే నువ్వూ చేసినవు. లొల్లి అంటే మొనదేలిన పెద్ద పెద్ద అక్షరాలు, చుట్టూ మెరుపులు గీసినవు. అది సినిమా పోస్టర్ లొల్లి. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే అమెరికా మానసిక వైద్యుల సంఘం లక్షణాల పుస్తకంలో, శబ్దం, వెలుతురు, స్పర్శ అందరికన్న ఎక్కువగనో తక్కువగనో తగలడాన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చిన్రు. అది బొమ్మలో ఎట్ల పట్టుకోవాలెనో నీ సొంత వివరణలోనే ఉంది. కండక్టర్ పిలుపు, మైకు, హారన్, పక్కన పల్లీల పొట్లం చప్పుడు, అన్నీ ఒక్క తీరుగనే చెవిలో పడుతయని రాసినవు. మరి అట్లనే గీయి. అన్ని మాటలూ ఒకటే ఎత్తు, ఒకటే మందం. అమ్మ పిలిచిన పిలుపు కూడా అదే మందంతో వాటి నడుమ ఎక్కడో ఉండాలె. చదివేవాళ్లు దానికోసం వెతుక్కోవాలె, ఒకసారికి దొరకకూడదు. శబ్దం ఎంత పెద్దదన్నదానికన్న ఏది ముందో ఏది వెనకో తేలకపోవడమే అక్కడి కష్టం. అందుకే పెద్దా చిన్నా చేస్తే ఆ కష్టం మాయమైతది.

ఈ బొమ్మను 8, 9 పేజీల్లో వెయ్యి. కారణం కుట్టులో ఉంది. నాలుగు ఏ4 కాగితాలు మడిస్తే పదహారు ఏ5 పేజీలైతయి. కాగితం ఒక్కో వైపు వచ్చే రెండు పేజీల అంకెలు కూడితే ఎప్పుడూ 17 రావాలె, 16తో 1, 2తో 15, అట్ల పోయి చివరికి 8తో 9. ఒకే కాగితం మీద పక్కపక్కన చదివే జంట అదొక్కటే. మిగతా చోట్ల రెండు పేజీలకు పరిచిన బొమ్మ రెండు వేరే కాగితాల మీద పడి, నడుమ ఒకటి రెండు మి.మీ. తప్పుతది.

'ఆగమాగం' అన్న మాట పెట్టినందుకు సంతోషమైంది. సోయి, లొల్లి, ఆగమాగం లాంటి మాటలు మన దిక్కు పుట్టుకతోనే ఉన్నయి, ఇంగ్లిషు పదం కోసం వెతకాల్సిన పని లేదు. కానీ నువ్వు ప్రతి అక్షరాన్నీ వణికించినవు, అది దయ్యాల కథ శీర్షికలెక్క అయింది. వణుకు తీసేసి ఖాళీతో చెప్పు. ఆ, గ, మా, గం, నాలుగూ నిటారుగ, శుభ్రంగ రాయి. 'ఆ'కు 'గ'కు నడుమ 6 మి.మీ. ఇయ్యి, తర్వాత 3, తర్వాత 1. 'మా' దీర్ఘం పక్కనున్న 'గ' తలకట్టుకు తగలబోయి ఆగాలె. చివరి సున్న మాత్రం పేజీ అంచుకు ఆనాలె. మాటలో 'గ' రెండుసార్లు వస్తది కదా, ఆ రెండు 'గ'లూ అచ్చు ఒక్కలెక్కనే ఉండేటట్టు ట్రేసింగ్ కాగితం మీద దించుకో. అక్షరం మారలేదు, దానికి నిలబడే జాగ తగ్గిందని అప్పుడే కంటికి తెలుస్తది.

అక్షరాల పునాది దగ్గర కొంత కష్టపడాలె. నువ్వు చూసి నేర్చుకున్న వీడియోలు ఇంగ్లిషు అక్షరాలవి, ఆ గీతల లెక్క తెలుగుకు సరిపోదు. మనకు ఒత్తులకు కింద చాలా జాగ కావాలె, గుడికీ ఏత్వానికీ పైన జాగ కావాలె. అక్షరం ఒంటికి 12 మి.మీ., పైన 6, కింద 9, వరుసల నడుమ 3 వదులు. మొత్తం 30 మి.మీ. ఏ5 పేజీ నిలువు 210 మి.మీ., పైనా కిందా 15 చొప్పున వదిలితే సరిగ్గ ఆరు వరుసలు పడుతయి. ఏడోది ఇరికిస్తే పైవరుస ఒత్తులు కిందివరుస గుళ్లకు గుద్దుకుంటయి.

సాధనకు ఊర్ల పేర్లే తీసుకో, నీకు ఎట్లాగూ నోటికే ఉన్నయి. ముందు దేవరకొండ, కోదాడ, హాలియా. వీటిలో ఒత్తులే లేవు. తర్వాత నల్లగొండ, అచ్చంపేట, గద్వాల. ఒత్తును చిన్నగ రాసినా గీత మందం తగ్గించకు, తగ్గిస్తే జిరాక్స్‌ల అది మాయమైతది. అచ్చంపేటలో 'పే' దగ్గర జాగ్రత్త. ఏత్వం 'ప' ఒంటికి తగలకూడదు, తగిలితే అది 'వే' అయి ఊరు పేరే మారిపోతది. మిర్యాలగూడలో య-ఒత్తు కింది నుంచి కుడి దిక్కుకు సాగుతది, అందుకని 'ల'ను ఇంకో 3 మి.మీ. పక్కకు జరుపు. చివరికి కల్వకుర్తి, వనపర్తి, నాగర్‌కర్నూల్. 'ర్తి' రాసేటప్పుడు నోటికి 'తి' అని వినిపిస్తది కాబట్టి చెయ్యి గుడిని కింద 'త' ఒత్తు దిక్కు తీసుకపోతది. గుడి పైన 'ర' నెత్తిమీదనే ఉండాలె.

మొన సంగతి కూడా చెప్తా. 12 మి.మీ. అక్షరానికి 2 మి.మీ. చదును మొన మార్కర్ సరిపోతది. నువ్వు 5 మి.మీ. మొన వాడినవు, అందుకే 'థ'లో చుక్క పూడుకుపోయి 'ధ' అయింది. డిస్లెక్సియా ఉన్నవాళ్లు, అంటే అక్షరాలు చదవడం కష్టమయ్యేవాళ్లు కూడా చదవాలెనని ముందుమాటలో రాసుకున్నవు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ద, ధ, థ మధ్య తేడా ఒక చుక్క, ఒక చిన్న గీతే. వు, మ చేతిరాతలో ఒకటే అయిపోతయి. అలంకారం వేరే ఎక్కడైనా చెయ్యి, ఈ గుర్తుల మీద మాత్రం చేయకు. కథ చెప్పే వాక్యాలను అలంకారం లేకుండ, మాటకూ మాటకూ నడుమ ఒక అక్షరమంత ఖాళీతో రాయి.

జిరాక్స్ నీ పసుపు బోర్డును మింగేస్తది. నలుపు తెలుపు కాపీలో పసుపు తెల్లగనే పడుతది. కాబట్టి బోర్డు ఖాళీగ వదిలి, కాపీలు తీసినంక ఒక్కోదానికి చేత్తో పసుపు నింపు. యాభై కాపీలకు ఒక సాయంత్రం పని. బూడిద రంగు నీడలు మచ్చలుగ వస్తయి, వాటి బదులు 1 మి.మీ. ఎడంతో గీతలు గీయి. ఆధార గీతలకు లేత నీలం పెన్సిల్ వాడితే చాలా యంత్రాల్లో పడదు, ముందు ఒక కాపీ తీసి చూసుకో. యంత్రం అంచున 5 మి.మీ. దాకా అచ్చు పడదు కాబట్టి అంచుకు ఆనించాల్సిన 'ఆగమాగం' సున్నను కొంచెం పెద్దగ వేసి, కాపీ అయినంక అంచు కోసెయ్యి. సిరా ఆరడానికి ఇరవై నిమిషాలు ఆగినంకనే రబ్బరు పట్టు. అసలు పేజీలకు మందపు కాగితం తీసుకో, మామూలు 75 జీఎస్ఎం కాగితం మీద మార్కర్ వెనకకు దిగుతది.

ఇక కుట్టు. పుస్తకం వీపు, అంటే మడత, 21 సెం.మీ. ఉంటది. నడిమధ్యన ఒక రంధ్రం, రెండు చివరలనుంచి 4 సెం.మీ. దగ్గర చెరొకటి, 50 సెం.మీ. దారం. లోపలినుంచి నడిమి రంధ్రంలో బయటికి, పై రంధ్రంలో లోపలికి, నడిమిది వదిలేసి కింది రంధ్రంలో బయటికి, మళ్ల నడిమి దాంట్లో లోపలికి. రెండు కొసలూ ఆ పొడుగు దారానికి చెరో పక్క ఉండేటట్టు ముడి వెయ్యాలె. ఒకే పక్క వేస్తే ముడి రంధ్రంలోంచి జారిపోతది.

పని చేసే తీరు గురించి అడిగినవు. టైమర్ పెట్టుకొని పని చేయమని అందరు చెప్తరు, నీ ధ్యాసకు అది సరిపడదని నా అభిప్రాయం. మోగినప్పుడల్ల తెగిపోతది. గంట చూసి ఆపే బదులు ఒక వరుస అయినంక ఆపు. ఆపేటప్పుడు చివరి రెండు అక్షరాలు పెన్సిల్‌తోనే వదిలెయ్యి, తెల్లారి కూర్చోంగనే చేతికి పని తయారుగ ఉంటది. కూర్చునే ముందే నీళ్ల సీసా, తినేది పక్కన పెట్టుకో, లోపలికి పోయినంక ఆకలి యాదికి రాదు. మార్కర్ కీచుమనే చప్పుడు, దాని స్పిరిట్ వాసన పడకపోతే ఓర్చుకోవాల్సిన పని లేదు, చదును కుంచె, నల్ల ఇండియన్ ఇంకు తీసుకో. ఒక్క మాట తప్పు పోతే పేజీ మొత్తం చింపకు. ఆ మాట వేరే కాగితం మీద రాసి, కోసి, అంటించి, అంచుల మీద తెల్ల కరెక్షన్ ఫ్లూయిడ్ పుయ్యి. జిరాక్స్‌ల అతుకు కనిపించదు.

పన్నెండో పేజీలో ఒక తప్పు దిద్దాలె. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, డిస్లెక్సియా కూడా కలిసే 'నేర్చుకోవడంలో ఇబ్బందులూ' ఉన్నయి, ధ్యాస, కుదురు నిలవడం కష్టమయ్యే ఏడీహెచ్‌డీ పేరు విడిగ లేదు. నువ్వు మూడూ ఉన్నయని రాసినవు. అదే పేజీలో నీ సర్టిఫికెట్ బొమ్మ మీద నంబరు కనబడుతున్నది, చెరిపెయ్యి. తమ్ముని బడి పేరూ తీసెయ్యి, వాని బొమ్మ వానికి చూపించి, సరేనంటేనే ఉంచు.

వచ్చే ఉత్తరంతో మొత్తం పుస్తకం పంపకు. కొత్త అట్ట, 8, 9 పేజీల పెన్సిల్ గీత, 'కల్వకుర్తి' మూడుసార్లు రాసిన ఒక కాగితం పంపు. ఆ మూడింటిలో నీకు ఏది నచ్చిందో దాని కింద చుక్క పెట్టు.

ఇట్లు,
మీ నల్లగొండ అక్క