సహస్రాబ్ది లక్ష్యాలకూ సుస్థిర అభివృద్ధి లక్ష్యాలకూ తేడా ఏమిటి?

రెండూ ఐక్యరాజ్యసమితిలో దేశాలు ఒప్పుకున్న లక్ష్యాలే. సహస్రాబ్ది లక్ష్యాలు ప్రధానంగా పేద దేశాల్లో పేదరికాన్ని సగానికి తగ్గించాలనుకున్నాయి. 2015లో వాటి స్థానంలో వచ్చిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు పేదరికాన్ని పూర్తిగా తొలగించాలంటూ, పర్యావరణ రక్షణను దానితో ముడిపెట్టి, ధనిక దేశాలకూ వర్తిస్తాయి. పాతవి 8, గడువు 2015. కొత్తవి 17, వీటి కింద 169 ఉపలక్ష్యాలు, గడువు 2030.

ఎందుకు మార్చారంటే, ‘సగం’ అన్నప్పుడు సులువుగా అందేవాళ్లే ముందు లెక్కలోకొస్తారు. సగటు మెరుగుపడుతుంది, మారుమూల తండా అలాగే ఉంటుంది. పైగా రెండేళ్లు వరసగా వానలు తప్పితే గట్టెక్కిన కుటుంబం మళ్లీ అప్పుల్లో పడుతుంది, అందుకే పర్యావరణాన్నీ కలిపారు.

తాగునీరే చూడండి. పాత లెక్కలో బోరుంటే చాలు, అది ‘మెరుగైన వనరు’. నీళ్లలో ఏముందో చూడరు. నల్లగొండలో ఎముకలు వంకర్లు పోయేలా చేసిన ఫ్లోరైడ్ బోరు కూడా అందులో చేరిపోయేది! ఈ కొలతతోనే ప్రపంచం నీటి లక్ష్యాన్ని 2010కల్లా చేరినట్టు తేలింది. ఇప్పుడు నీళ్లు ఇంటి ఆవరణలోనే, కావలసినప్పుడు, మల కాలుష్యం, ఆర్సెనిక్, ఫ్లోరైడ్ బెడద లేకుండా అందితేనే ‘సురక్షితం’. ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు.

ఈ కొత్త లక్ష్యాలు చట్టమనీ, ఐక్యరాజ్యసమితి డబ్బిస్తుందనీ చాలామంది అనుకుంటారు. రెండూ కావు. దేశాలు స్వచ్ఛందంగా నివేదికలిస్తాయి, ఖర్చు చాలావరకు సొంత బడ్జెట్లదే. మన దగ్గర 2018 నుంచి కేంద్రానికి విధాన సలహాలిచ్చే నీతి ఆయోగ్, ఈ లక్ష్యాల్లో ఎంత ముందుకెళ్లారో చూసి రాష్ట్రాలకు మార్కులు వేస్తోంది.