ఊరూ పేరూ లేని స్పీకర్లు కొనబోతున్న మేనల్లుడికి

హనుమకొండ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన స్పీకర్ల ప్రకటన ఫొటోలు చూశాను. రెండు టవర్ స్పీకర్లు, రంగురంగుల లైట్లు, అడుగున చక్రాలు, పక్కన ఒక మైకు. పైన అడ్డంగా 10,000 వాట్లని రాసి, 24,999 రూపాయలను కొట్టేసి 4,999 అని వేశారు. ఇంట్లో పాటలు వినడానికీ, వాడకట్టులో పుట్టినరోజులకూ నిశ్చితార్థాలకూ అద్దెకివ్వడానికీ పనికొస్తుందా అని అడిగావు. రెండింటికీ పనికిరాదు. ఒక్క మాటలో తేల్చేయవచ్చు గానీ, వారం తిరగకుండా ఇలాంటిదే మరో ఫొటో నీ కంట పడుతుంది. అప్పుడు నన్ను అడిగే పని లేకుండా ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ వాట్ల సంగతి. మీ ఇంటి గోడకున్న చిన్న ప్లగ్గు 5 ఆంపియర్లది. 230 వోల్టులతో గుణిస్తే 1,150 వాట్లు. నిజంగా 10,000 వాట్లు లాగే పెట్టె అయితే దానికి 43 ఆంపియర్లు కావాలి. అంత కరెంటు మీ ఇల్లు మొత్తానికీ రాదు. అదే ప్రకటనలో చివరి ఫొటోను పెద్దది చేసి అడాప్టరును చూడు. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది. రెండూ గుణిస్తే 24 వాట్లు. లోపలికి అంత వెళ్లే చోట బయటికి అంతకు మించి రాదు, పైగా కొంత వేడిగా పోతుంది. లోపల బ్యాటరీ ఉంటే అది తోడై కాసేపు మరికొంత లాగించవచ్చు. ఎంత లాగించినా పదులే, వేలు కావు. స్పీకరు ఏదైనా సరే, ముందు వెనక్కి తిప్పి ఈ గుణకారం చెయ్యి. సగం ప్రకటనలు అక్కడే తేలిపోతాయి.

ఆ పదివేలను పీఎంపీఓ అంటారు. క్షణంలో వెయ్యో వంతు సేపు వచ్చే శిఖరాన్ని పట్టుకుని, ఉన్న స్పీకర్లన్నిటికీ కలిపి, నచ్చినంత పెంచి రాసే అంకె. దానికి అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు కాబట్టి ఎంత రాసినా అడిగేవాడు లేడు. నీకు కావలసింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగే శక్తి. మా తరం మెకానిక్కులందరి చేతుల్లో నలిగిన 4440 ఐసీ, అదే ఆంప్లిఫయర్ చిప్పు ఉందే, అది స్టీరియోలో ఒక్కో వైపు 6 వాట్లు, రెండు వైపులా కలిపి 12 ఇస్తుంది. ఆ పన్నెండు వాట్ల మీదే ఎన్నో ఇళ్లలో టేప్ రికార్డర్లు వీధి చివరిదాకా పాడాయి. శక్తి రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్లే, చెవికి కొంచెం తేడా తెలుస్తుందంతే. కాబట్టి వాట్ల కంటే ముందు సెన్సిటివిటీ చూడు. అది ఒక వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిచిన డెసిబెల్ అంకె. 87 ఉన్న స్పీకరుకు 100 వాట్లు పోస్తే వచ్చే మోత, 93 ఉన్నదానికి 25 వాట్లతోనే వస్తుంది. పేరున్న కంపెనీ ఆ అంకె రాస్తుంది. నువ్వు పంపిన ప్రకటనలో అది లేదు, ఉంటుందని నేను అనుకోనూ లేదు.

ఇక మూత విప్పితే కనిపించేవి. ఇలాంటి పెట్టెలు బాగుచేయమని మా దుకాణానికి వస్తూనే ఉంటాయి. ముందు వైపు నాలుగు స్పీకర్లు కనిపిస్తాయి, వైర్లు మాత్రం రెండింటికే ఉంటాయి. మిగతా రెండూ అలంకారానికి అంటించిన గిన్నెలు. మాగ్నెట్ పెద్దదిగా కనిపించాలని చిన్న మాగ్నెట్ మీద ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. పెట్టె తేలిపోకుండా అడుగున ఇనుప ముక్కో సిమెంటు దిమ్మో బిగిస్తారు, కొనేవాడు ఎత్తి చూసి "బరువుంది, గట్టిది" అనుకోవాలని. స్పీకరు లోపలి తీగచుట్టలో, అంటే వాయిస్ కాయిల్‌లో, రాగి తీగకు బదులు రాగి పూత పూసిన అల్యూమినియం తీగ ఉంటుంది. దుకాణదారుడు చూపించే స్పీకరు వైరులోనూ ఇదే మాయ. ఒక పోగు తీసి బ్లేడుతో గీరితే లోపల తెల్లగా మెరుస్తుంది. అల్యూమినియం వాహకత రాగిలో దాదాపు 60 శాతమే. ఆంప్లిఫయర్ పెట్టెల్లో 5200, 1943 ట్రాన్సిస్టర్ల జత మీద నంబర్లు చక్కగానే ఉంటాయి. లోపలి చిప్పు మాత్రం అసలుదానిలో సగం కూడా ఉండదు. పెళ్లి ఊరేగింపు మధ్యలో మూగబోయే పెట్టెలన్నీ దాదాపు ఈ బాపతే. వాటి బోర్డుల్లో ఐసీల మీద నంబరు గీకేసి ఉంటుంది, ఏది వేసి బాగుచేయాలో ఎవరికీ తెలియదు. అలాంటి పెట్టె పాడైతే నేనైనా చేతులెత్తేయవలసిందే.

డబ్బు పోవడం ఒక్కటే అయితే ఇంత చెప్పను, బ్యాటరీతో నిప్పు భయం కూడా ఉంది. నా చెల్లెలు, అంటే మీ అమ్మ, ఒంటరిగా ఇంట్లో ఉన్నప్పుడు రాత్రంతా చార్జింగులో పెట్టి ఉంచే వస్తువు ఇది. లోపలి బ్యాటరీలోని 18650 రకం లిథియం సెల్లు మీద సామర్థ్యం 9,900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది శుద్ధ అబద్ధం. ఆ సైజులో మంచి కంపెనీ సెల్లు కూడా 3,500 దగ్గర ఆగిపోతుంది. లిథియం సెల్లును సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదు. మన వరంగల్ మే నెలలో బయటే 44, 45 ఉంటుంది, రేకుల గదిలో ఎంత ఉంటుందో నువ్వే ఊహించుకో. పక్కా సెల్లుకు వేడీ అతి చార్జీ తగలకుండా కాపాడే చిన్న సర్క్యూట్ ఉంటుంది. ఇలాంటివాటిలో చాలాసార్లు అది పెట్టకుండా ఆ ఖర్చు మిగుల్చుకుంటారు. కరెంటు మీద నడిచే పెట్టెల్లో ఇంకో భయం ఉంది, షాకు. పైది ఇనుప పెట్టె, ప్లగ్గుకు రెండే కాళ్లు, ఎర్తింగు లేదు. భాద్రపదంలో వినాయక మండపం, ఆ వెంటనే బతుకమ్మ, రెండూ వానల్లోనే, తడి నేల మీదే. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆడే ఆడపిల్లలు చెప్పులు విడిచి తిరుగుతారు. అద్దెకిచ్చేవాడివి నువ్వైతే ఆ పెట్టెను తాకే ప్రతి చేయీ నీ బాధ్యతే.

కొట్టేసిన 24,999 గురించి కూడా చెబుతాను. అమెరికాలో, ఐరోపాలో తెల్ల వ్యాను మోసమని ఒకటి దశాబ్దాలుగా ఉంది. వ్యానులో వచ్చినవాడు రోడ్డు పక్కన ఆపి, గోదాములో లెక్కకు మించి ఎక్కించిన స్పీకర్లు మిగిలాయి, చవకగా ఇస్తానంటాడు. నమ్మకం కలగడానికి భారీ ధర అచ్చేసిన కాగితాలు, వెబ్‌సైటు కూడా చూపిస్తాడు. ఆ కంపెనీ పేరే కల్పితం. ఇప్పుడు వ్యానుకు బదులు నీ ఫోను వచ్చింది, అంతే తేడా.

మరి పేరు లేనివన్నీ చెత్తేనా అంటే, కాదు. మన వైపు మైక్‌సెట్ల వాళ్లలో చాలామంది అహూజా కంపెనీ స్పీకరు యూనిట్లు కొనుక్కుని, పెట్టెలు ఇక్కడి వడ్రంగి చేత ప్లైవుడ్‌తో చేయించుకుంటారు. ఆ పెట్టెల మీద ఏ కంపెనీ పేరూ ఉండదు. అయినా పదేళ్లు మోగుతాయి. చేసినవాడు చౌరస్తాలో కనిపిస్తాడు, కాయిల్ కాలితే తెల్లారేసరికి వేసిస్తాడు. నువ్వు డబ్బు పెట్టవలసింది అలాంటి మనిషి ఉన్న చోట. ఆన్‌లైన్‌లో ఈ వారం కనిపించిన అమ్మకందారు వచ్చే వారానికి పేరు మార్చుకుంటాడు, వారంటీ కార్డు మీద ఫోను నంబరు ఉండదు.

ఆన్‌లైన్‌లోనే కొంటానంటే కొను, వద్దనను. దగ్గరలో దొరకని మంచి కంపెనీ వస్తువులకు అదే దారి. అయితే బ్లూటూత్ స్పీకర్లకు బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వస్తువు మీద ఆర్ అక్షరం, దాని పక్కన ఎనిమిది అంకెలు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరున ఉందో కనిపిస్తుంది. వేరే కంపెనీ పేరు వస్తే నంబరు దొంగిలించినట్లే. అట్టపెట్టె మీద తయారీదారుదో దిగుమతిదారుదో చిరునామా, ఎంఆర్‌పీ, తయారైన దేశం ఉండాలి. జీఎస్‌టీ బిల్లు అడుగు. అందులోని జీఎస్‌టీ నంబరు మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, మనది 36. అమ్మకందారు హైదరాబాద్ అని చెప్పి బిల్లులో వేరే అంకె వేస్తే ఎందుకో కనుక్కో. సోషల్ మీడియా ప్రకటన నొక్కితే తెరుచుకునే కొత్త వెబ్‌సైట్లకు ముందుగా ఒక్క రూపాయి కూడా పంపకు. పార్శిల్ వచ్చినప్పుడు పెట్టె విప్పి చూడకుండా ఓటీపీ చెప్పకు, విప్పుతుంటే మొదటి నుంచీ వీడియో తీయించు.

వచ్చిన సరుకు తేడాగా ఉంటే వెనక్కి పంపే గడువులోపే ఫిర్యాదు పెట్టు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యి. అదీ కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా నువ్వు ఉన్న చోటే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు. డబ్బు తీసుకుని వస్తువే పంపని మోసమైతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పు.

దుకాణంలో కొనేటప్పుడు నీకు కంఠతా వచ్చిన పాట పెట్టించు, వాళ్ల డెమో పాట కాదు. ముందు పాట ఆపి, వాల్యూమ్ పెంచి, గుర్రుమనే హమ్ ఎంత ఉందో విను. తర్వాత ముప్పావు వాల్యూమ్‌లో ఇరవై నిమిషాలు ఆగకుండా మోగించి, వెనక చెయ్యి పెట్టి చూడు, కాలిన వాసన వస్తుందేమో చూడు. గొంతు స్పష్టంగా ఉండాలి, దద్దరిల్లే బేస్ చూసి మురిసిపోకు. మల్టీమీటర్ తీసుకెళితే ఇంకా మంచిది. 8 ఓముల స్పీకరు మీటరులో 6 దగ్గర చూపిస్తుంది, అది సరైనదే. 3 చూపిస్తే అది 4 ఓములది, దాన్ని 8 అని అమ్ముతున్నారు. అలాంటివి రెండు సమాంతరంగా (పారలల్‌గా) కలిపావంటే ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు.

అద్దె సంగతి వేరు. దానికి రెండు 12 అంగుళాల స్పీకర్లు, 200 వాట్ల ఆర్‌ఎంఎస్ ఆంప్లిఫయర్, ఒక వైరు మైకు చాలు. వైరులేని చవక మైకుల జోలికి వెళ్లకు. రాత్రి 10 దాటాక అనుమతి లేకుండా మోగించకూడదన్న నిబంధన కూడా గుర్తుంచుకో, పోలీసులు పట్టుకెళ్లేది నీ పెట్టెనే.

ఆ 4,999 ఆర్డరు ఇంకా పెట్టలేదు కదా? పెట్టి ఉంటే ఈ రోజే రద్దు చెయ్యి. మీ హాలు పొడవు వెడల్పులు, నువ్వు అనుకున్న బడ్జెట్ రాసి పంపు. యూనిట్ల ధరలు ఇక్కడ కనుక్కుని చెబుతాను. చెల్లెలిని అడిగానని చెప్పు.

మీ మామయ్య