కొటేషన్‌లో "డ్రిప్ సహా" అని ఉంటే చాలదు: ఫీనిక్స్ ఎండలో పెరడు వేయించే ముందు

అరిజోనాలో ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో కొత్త ఇల్లు కొన్నామని, వెనకంతా ఉట్టి మట్టేనని, ముగ్గురు ఇచ్చిన కొటేషన్లలో డీజీ, క్వార్టర్ మైనస్, ఎమిటర్, కలీచీ లాంటి మాటలు అర్థం కాక ఎవరికి పని ఇవ్వాలో తేలట్లేదని అడిగారు. ఎవరికివ్వాలో నేను చెప్పలేను గానీ, ఆ కాగితం ఎలా చదవాలో చెప్పగలను. మేం 2019లో మీ పక్క ఊరు గిల్బర్ట్‌లో సరిగ్గా ఇలాంటి మట్టి పెరడుతోనే మొదలుపెట్టాం.

అన్నిటికంటే ముందు డ్రిప్ సంగతి. మా కొటేషన్‌లో చెట్లు ఇన్ని, పొదలు ఇన్ని, "డ్రిప్ సహా" అని ఒకే లైను ఉంది. మేం ఇంకేం అడగలేదు. వాళ్ళు చెట్లకీ పొదలకీ కాక్టస్‌లకీ కలిపి ఒకే వాల్వు పెట్టారు, అంటే అన్నిటికీ నీళ్ళు ఒకేసారి వచ్చి ఒకేసారి ఆగుతాయి. చెట్టుకి మూడు ఎమిటర్లు, మూడూ మొదలుకి ఆనుకునే. టైమర్ రోజూ 20 నిమిషాలు. ఎమిటర్ అంటే గొట్టం చివర నీటిచుక్కని కొలిచి వదిలే చిన్న బిళ్ళ. దాని మీద ఉండే అంకె గంటకి ఎన్ని గ్యాలన్లు ఇస్తుందో చెబుతుంది. మావి 1 గ్యాలన్‌వి. మూడూ కలిపి 20 నిమిషాల్లో ఇచ్చేది ఒక్క గ్యాలన్, అంటే నాలుగు లీటర్ల లోపు. అది పైమట్టిని తడిపి అక్కడే ఆవిరైపోయేది. చెట్టు మాత్రం పైకి బాగా పెరిగింది, నీడ కూడా ఇచ్చింది. 2021 వానాకాలంలో ఒక సాయంత్రం దుమ్ముగాలికి ఆ చెట్టు, పాలో వెర్డె అనే ఇక్కడి ఎడారి చెట్టు, వేళ్ళతో సహా ఒరిగిపోయింది. గుంటలో చూస్తే వేళ్ళు అడుగు లోతు కూడా దిగలేదు. మా పాప ఆ చెట్టు కిందే ఆడుకునేది. ఆ రోజు లోపలుంది కాబట్టి సరిపోయింది.

అందుకే డ్రిప్ అని రాసిన ప్రతిచోటా మూడు ప్రశ్నలు వేయండి. వాల్వులు ఎన్ని? చెట్లకి ఒకటి, పొదలకి ఒకటి విడిగా ఉండి తీరాలి. ఒక్కో చెట్టుకి ఎన్ని ఎమిటర్లు, ఎన్ని గ్యాలన్లవి? చెట్టు పెరిగాక వాటిని మొదలు దగ్గర్నుంచి కొమ్మల అంచు కిందకి జరపడానికి గొట్టం మిగులుస్తారా? ఇక్కడ తోటపని తెలిసినవాళ్ళు 1-2-3 అంటారు. నీళ్ళు కాక్టస్‌లకీ చిన్న మొక్కలకీ ఒక అడుగు, పొదలకి రెండడుగులు, చెట్లకి మూడడుగుల లోతు దిగాలి. అంత లోతు దిగాలంటే ఒక్కసారే గంటల తరబడి పారించాలి, తర్వాత చాలా రోజులు ఆపేయాలి. నాటుకున్న ఎడారి చెట్టుకి వేసవిలో కూడా వారం నుంచి మూడు వారాలకోసారి చాలు. పారించిన మర్నాడు సన్నటి ఇనప ఊచ నేలలో దింపి చూడండి. తడి ఉన్నంతవరకే సులువుగా దిగుతుంది. ఇక్కడి నీళ్ళలో ఉప్పు ఎక్కువ. రోజూ పైపైన తడిపితే ఆ ఉప్పు వేళ్ళ దగ్గరే పేరుకుని ఆకుల అంచులు మాడిపోతాయి.

డీజీ అంటే డీకంపోజ్డ్ గ్రానైట్, చివికిన గ్రానైట్ రాయి. మైనస్, స్క్రీన్డ్ అన్న మాటలే అసలు తేడా. క్వార్టర్ మైనస్ అంటే పావు అంగుళం నుంచి దుమ్ము దాకా అన్నీ కలిసినది. మన ఊళ్ళో రోడ్డుకి పోసే మొరం లాంటిది, తొక్కితే గట్టిపడుతుంది, నడకదారికి బావుంటుంది. హాఫ్ ఇంచ్ స్క్రీన్డ్ అంటే జల్లెడ పట్టి దుమ్ము తీసేసినది. మొక్కల చుట్టూ పెరడంతా పరచడానికి ఇది మేలు. మైనస్ పెరడంతా వేస్తే వానకి బురద ఇంట్లోకొస్తుంది. మందం కూడా రాయించుకోండి. 2 అంగుళాల మందాన ఒక టన్ను సుమారు 100 నుంచి 120 చదరపు అడుగులకి వస్తుంది. మీ పెరడు వైశాల్యాన్ని దాంతో భాగించి, వాళ్ళు రాసిన టన్నులతో పోల్చండి. తక్కువ ధర కొటేషన్‌లో కోత చాలాసార్లు ఇక్కడే పడుతుంది.

హార్డ్‌స్కేప్ అంటే రాయి, పేవర్లు (నేల మీద పరిచే దిమ్మెలు), గోడలు. సాఫ్ట్‌స్కేప్ అంటే మొక్కలు, గడ్డి. పేవర్ల కింద "ఏబీసీ" అని ఉంటే కంగారు పడకండి, అది దిమ్మిస కొట్టే కంకర పొర. అది ఎన్ని అంగుళాలో అడిగితే చాలు. ప్రీ ఎమర్జెంట్ అంటే కలుపు విత్తనం మొలవకుండా ముందే చల్లే మందు, మొలిచాక పనిచేయదు. జెరిస్కేప్ అన్న మాటని 1981లో డెన్వర్ నీటి సంస్థ పుట్టించింది. ఎండిన అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. దాన్ని "జీరోస్కేప్"గా అర్థం చేసుకుని ఉట్టి రాళ్ళు పరిచి వెళ్ళేవాళ్ళున్నారు. పెరడంతా రాయే అయితే రాత్రి కూడా సెగ తగ్గదు. నీడనిచ్చే చెట్లు తప్పకుండా అడగండి.

మొక్కల పేర్లకి భయపడక్కర్లేదు, సగం మనవే. బెర్ముడా గ్రాస్ అంటే వినాయకుడికి పెట్టే గరిక. రెడ్ బర్డ్ ఆఫ్ పారడైజ్ మన రత్నగంధి. అది పూసినప్పుడల్లా మా అమ్మ వీడియో కాల్‌లో చూపించమంటుంది. బోగన్‌విల్లా కాగితం పూలు, ఓలియాండర్ గన్నేరు. గన్నేరు విషం, చిన్నపిల్లలుంటే వద్దనండి. మెస్కీట్ మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం. మిగతావాటికి అరిజోనా జలవనరుల శాఖ తక్కువ నీటి మొక్కల జాబితా చూడండి.

లైసెన్సు సంగతి కూడా. అరిజోనాలో కూలీ, సామాను కలిపి 1000 డాలర్లు దాటే ఇలాంటి కాంట్రాక్టు పనికి రిజిస్ట్రార్ ఆఫ్ కాంట్రాక్టర్స్ లైసెన్సు ఉండాలి. నంబరు అడిగి వాళ్ళ వెబ్‌సైట్లో చూసుకోండి, ఫిర్యాదులు కూడా కనిపిస్తాయి. గొయ్యి తవ్వే ముందు 811 నంబరుకి ఫోన్ చేసి చెప్పి గ్యాసు, కరెంటు లైన్లు గుర్తు వేయించడం ఎవరి బాధ్యతో కాగితం మీద ఉండాలి. హెచ్‌ఓఏ (మీ కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) అనుమతి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.

ఇక కలీచీ. ఇది నేల కింద సున్నం గట్టిపడిన పొర, గడ్డపార కూడా ఎగిరిపడుతుంది. నీళ్ళు దానిమీదే నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి. పని అప్పగించక ముందే, చెట్టు పెట్టాలనుకున్న చోట రెండడుగుల గుంట తీసి నిండా నీళ్ళు పోయండి. మర్నాటికి కూడా ఇంకకపోతే ఆ పొరని పగలగొట్టే ఖర్చు కొటేషన్‌లో ఉందా లేదా అడగండి. లేకపోతే పని మధ్యలో "అదనం" అంటారు, అప్పటికి సగం డబ్బు ఇచ్చేసి ఉంటారు. చెట్లు అక్టోబరు, నవంబరులో నాటిస్తే మంచిది. అంతదాకా గుంట పరీక్ష, వాల్వుల ప్లాను, రాళ్ళ లెక్క చూసుకోవడానికి సమయం ఉంటుంది. ముగ్గురి కొటేషన్లలో డ్రిప్ లైను ఏముందో ఇక్కడే రాయండి, పేర్లు అక్కర్లేదు, చూసి చెబుతాను.