సమాధానం: ఆ సీరియల్ రెలిక్ హంటర్

పేరు గుర్తురాక మీరు అడిగిన పాత ఇంగ్లిష్ టీవీ సీరియల్ రెలిక్ హంటర్ అండి. కాలేజీలో పాఠాలు చెబుతూ, పురాతన వస్తువుల కోసం దేశాలు తిరిగే ప్రొఫెసర్ అన్నారు కదా, ఆమె సిడ్నీ ఫాక్స్. ఆ పాత్ర వేసింది నటి టియా కరేరె. వెంట ఉండే భయస్తుడైన అసిస్టెంట్ నైజెల్. లారా క్రాఫ్ట్ అనుకుని వెతికితే దొరకదు, ఆమె టూంబ్ రైడర్ వీడియో గేమ్‌లోని వేరే పాత్ర.

మధ్యలో సిడ్నీ సెక్రటరీ మారిపోయిందన్న మీ అనుమానం నిజమే. మొదటి రెండు సీజన్లలో క్లాడియా, మూడో సీజన్‌లో కరెన్. 1999 నుంచి 2002 వరకు మొత్తం 66 ఎపిసోడ్లు. మొదటిది బుద్ధుడి భిక్షాపాత్ర కథ, అక్కడి నుంచే మొదలుపెట్టండి. దొరికినవి అమ్ముకోకుండా మ్యూజియానికి చేర్చాలన్న సిడ్నీ పట్టుదల నాకు ప్రాణం.