నక్షత్రాల అరబ్బీ పేర్లు యూరప్‌కు ఎలా చేరాయి?

ఆల్డెబరాన్, డెనెబ్ లాంటి పేర్లు అరబ్బీవి కదా, యూరప్ వాళ్లు ఎందుకు వాడుతున్నారని అడిగారు. ఆ పేర్లు పుస్తకాలతో పాటే వెళ్లాయి, ఎక్కువగా స్పెయిన్‌లోని టొలేడో మీదుగా.

అప్పటిదాకా ముస్లింల పాలనలో ఉన్న ఆ ఊరు 1085లో క్రైస్తవ రాజ్యమైన కాస్టీల్ రాజు చేతికి వచ్చింది. పాలన మారినా అరబ్బీ గ్రంథాలు, వాటిని చదవగలిగినవాళ్లు అక్కడే ఉన్నారు. ఇటలీలోని క్రెమోనాకు చెందిన గెరార్డ్ అనే పండితుడు, ప్రాచీన కాలపు టోలెమీ గ్రీకులో రాసిన, అప్పటికే అరబ్బీలోకి వచ్చిన ఖగోళ గ్రంథం ‘అల్మాజెస్ట్’ కోసమే అక్కడికి వెళ్లి, అరబ్బీ నేర్చుకుని, దాన్ని అప్పటి యూరప్ పండితుల భాష లాటిన్‌లోకి తెచ్చాడు. ఆ పని 1175 నాటికి పూర్తయింది. ఒక్క పుస్తకం కోసం దేశం దాటి కొత్త భాష నేర్చుకోవడం! నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఇదే. ఈ అనువాదాలతో పాటు, నక్షత్రాల స్థానాలు కొలిచే ఆస్ట్రోలేబ్ పరికరాల మీద చెక్కిన పేర్లూ అలాగే లాటిన్‌లోకి వెళ్లాయి.

ఆల్డెబరాన్ అంటే ‘వెనకే వచ్చేది’. అది మన రోహిణే. రాత్రి తూర్పున కృత్తికలు పైకొచ్చాక కాసేపు చూడండి, వాటి వెనకే ఎర్రగా కనిపిస్తుంది.

మన దేశపు మాట కూడా ఇదే దారిలో వెళ్లింది. వింటినారి అనే అర్థంతో గణితంలో వాడిన సంస్కృత ‘జీవ’ను అరబ్బీలో ‘జీబ’ అని రాసుకున్నారు. అచ్చులు రాయని లిపి కాబట్టి తర్వాత దాన్ని ‘జైబ్’ అని చదివారు, అంటే బట్ట మడత. లాటిన్‌లో మడతకు ‘సైనస్’ అంటారు. లెక్కల క్లాసులో త్రికోణమితిలో మనం చదివే ‘సైన్’ అదే.