ఏఐ పది సెకన్లలో బొమ్మ వేసేస్తోంది, మా అమ్మాయిని ఇలస్ట్రేషన్ చదివించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. చిన్నప్పట్నుంచీ బొమ్మలు బాగా వేస్తుంది, ఇలస్ట్రేషన్‌లో డిగ్రీ చేస్తానంటోంది. ఇప్పుడంతా ఏఐనే వేసేస్తోంది కదా, దాని బదులు ఆరు నెలల ఏఐ ఆర్ట్, ప్రాంప్టింగ్ (ఏం బొమ్మ కావాలో ఏఐకి మాటల్లో రాసి చెప్పడం) కోర్సు చేయిద్దామని మా ఆలోచన. ఏది బెటర్? ప్రస్తుతానికి బొమ్మలు ఆపేయమని చెప్పాం. – ఒక తండ్రి

జవాబు: ఈ ప్రశ్న నాకు చాలాసార్లు వచ్చిందండీ, ఒకరు సంగీతం అంటారు, ఒకరు రచన అంటారు, ఇంకొకరు యానిమేషన్ అంటారు, లోపలున్న భయం మాత్రం ఒకటే, పిల్ల కష్టపడి చదివి బయటికొచ్చేసరికి ఆ పనే లేకుండా పోతే ఎలా అని. ఉత్తుత్తి భయమేం కాదు అది. స్టాక్ బొమ్మలు (ఎవరైనా కొనుక్కుని వాడుకునేలా ముందే వేసి పెట్టేవి), ఆర్టికల్ పైన పెట్టే చిన్న చిత్రాలు, తక్కువ డబ్బుకి చేయించుకునే కవర్లు, ఇలాంటివి ఇప్పుడు చాలామంది ఏఐతోనే కానిచ్చేస్తున్నారు. కొత్తగా వచ్చినవాళ్లు చెయ్యి తిప్పుకునేది ఇలాంటి చిన్న పనుల మీదే కాబట్టి మీ అమ్మాయికి మొదటి రెండు మూడేళ్లు ఇదివరకటి కన్నా కష్టంగానే ఉండొచ్చు, ఇది ముందే తెలిసి దిగాలి.

ఇక మీరు అడిగిన ఆ కోర్సు. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి. మాటల్లో చెప్తే బొమ్మ వేసిచ్చే ఏఐ టూల్స్ డాలీ 2, మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ మూడూ 2022లో కొన్ని నెలల తేడాలో జనంలోకి వచ్చాయి. అప్పట్లో సరైన బొమ్మ రావాలంటే కెమెరా లెన్సు పేరు, లైటింగ్, స్టైలు అన్నీ కలిపి బారెడు ప్రాంప్ట్ రాయాల్సొచ్చేది, వేళ్లు ఆరు పడేవి, దాన్ని సరిచేసే చిట్కాలే పెద్ద విద్య అన్నట్టు అమ్మారు. 2023లో డాలీ 3ని చాట్‌జీపీటీలో కలిపేసరికి మనం మామూలు మాటల్లో ఒక వాక్యం చెప్తే ఆ వివరమైన ప్రాంప్ట్ అదే రాసుకోవడం మొదలెట్టింది. అంటే ఏడాది తిరిగేసరికి ఆ విద్యని టూలే మింగేసింది! ఈ టూల్స్ తయారుచేసేవాళ్లు రోజూ చేసే పనే అది, ఎవరైనా నేర్చుకోకుండానే వాడగలిగేలా చెయ్యడం. అలాంటప్పుడు ఆరు నెలల సర్టిఫికెట్ మీద పిల్ల భవిష్యత్తు ఎలా పెడతారు చెప్పండి?

ఇంకోటి, హక్కుల సంగతి. 2022లో కొలరాడో స్టేట్ ఫెయిర్‌లో డిజిటల్ ఆర్ట్ విభాగంలో మిడ్‌జర్నీతో చేసిన బొమ్మకి మొదటి బహుమతి వచ్చింది, మీరూ వినే ఉంటారు. దాన్ని చేసినాయన 600 పైగా ప్రాంప్టులు రాశానన్నాడు, అయినా అమెరికా కాపీరైట్ ఆఫీసు 2023లో రిజిస్టర్ చెయ్యనంది. 2025 జనవరి రిపోర్టులో కూడా, ఇప్పుడున్న టూల్స్‌తో ఉత్త ప్రాంప్టులు రాసినంత మాత్రాన ఆ బొమ్మకి కర్త అవ్వరనీ, మనిషి తన చేత్తో చేసిన భాగానికైతే రక్షణ ఉండొచ్చనీ చెప్పింది. రేపు ఒక కంపెనీ తన బొమ్మల పుస్తకంలో పాత్రని ఇంకెవరూ ఎత్తుకుపోకూడదనుకుంటే, ఆ పాత్రని గీయగలిగిన మనిషి కావాలి. అదే పాత్ర నలభై పేజీల్లో అదే మొహంతో ఉండాలి, ఎడిటర్ "ఈ పాప భయపడట్లేదు, సిగ్గుపడుతోంది, మార్చండి" అంటే ఆ తేడా కంటికి తెలియాలి, చేత్తో దిద్దాలి. ఏఐ ఇచ్చిన ఇరవై బొమ్మల్లో పనికొచ్చేది ఏదో చెప్పాలన్నా ముందు బొమ్మ తెలిసుండాలి కదా.

కొంచెం కటువుగా చెప్తున్నాను, ఏమనుకోకండి. బొమ్మలు ఆపేయమన్నారు చూడండి, మీ ఉత్తరం మొత్తంలో నన్ను బాధపెట్టింది ఆ ఒక్క మాటే. చెయ్యి సాగే వయసులో ఆపించేసి తర్వాత మళ్లీ మొదలెట్టమంటే కుదరదు. ఏ భయం చూసి ఆపించారో ఆ భయంలోంచి బయటపడే దారి కూడా ఆ సాధనే. పైగా మీరు నాకు రాసే ముందు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి ఎలాంటి బొమ్మలు వెయ్యాలనుకుంటోందో అడిగారా? ఉత్తరంలో ఎక్కడా కనపళ్లేదు. ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి, ఇవాళే.

పోలిక అడిగారు కాబట్టి చెప్తున్నా, డిగ్రీ మంచిదైతే డిగ్రీనే, ఏఐ టూల్స్ పక్కన సెలవుల్లో తనే నేర్చుకుంటుంది, వాటి కోసం కోర్సు ఫీజు కట్టక్కర్లేదు. వాడొద్దని కూడా చెప్పకండి. వాడకం మీద షరతులు పెట్టుకునే బలం పని వచ్చినవాళ్లకే ఉంటుంది. హాలీవుడ్ రచయితలు 2023లో 148 రోజులు సమ్మె చేసి, ఏఐ వాడమని కంపెనీలు తమని బలవంతపెట్టకూడదని ఒప్పందంలో రాయించుకున్నారు, తామే కావాలనుకుంటే కంపెనీ ఒప్పుకోలుతో వాడుకోవచ్చు.

మీ అమ్మాయి దారి మూసుకుపోలేదండీ, ధైర్యంగా ఉండండి. కాలేజీ చూసేటప్పుడు మాత్రం మూడు విషయాలు అడగండి. మొదటి సంవత్సరంలో మనిషిని ఎదురుగా పెట్టుకుని చేత్తో గీయిస్తారా, ఏఐ ఎక్కడ వాడొచ్చు ఎక్కడ వాడకూడదు అనేదానికి రాతపూర్వకంగా రూల్ ఉందా, మొన్న పాసైన పిల్లలు ఇప్పుడేం పని చేస్తున్నారో చూపిస్తారా. బిల్డింగు, కంప్యూటర్ల ల్యాబు చూపించి వీటికి జవాబు దాటేస్తే ఇంకో కాలేజీ వెతకండి.